గొంతు వణుకుకు బొటాక్స్: ఎవరికి పనికొస్తుంది, ఎవరికి అంతంతమాత్రం

మాట్లాడుతుంటే గొంతు లయ తప్పకుండా ఊగుతూ వణికే సమస్యకు స్వరతంతువుల్లో వేసే బొటాక్స్ మంచి వైద్యమే. అయితే వణుకు పూర్తిగా పోతుందని హామీ ఇచ్చే చోట మాత్రం వేయించుకోవద్దు. వణుకు జోరు తగ్గుతుంది. మాట బయటికి తేవడానికి పడే ప్రయాస అంతకంటే ఎక్కువగా తగ్గుతుంది. చాలామందికి ఆ రెండోదే పెద్ద ఊరట.

నరం కొసలో కండరానికి సంకేతం చేర్చే అసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలను ఈ మందు అడ్డుకుంటుంది, కండరం పట్టు సడలుతుంది. వణికించే సంకేతం మాత్రం మెదడు నుంచి వస్తూనే ఉంటుంది. పైగా చాలామందిలో అంగిలి, నాలుక మొదలు, గొంతు గోడ కూడా వణుకుతాయి, స్వరపేటిక మొత్తం పైకీ కిందికీ ఊగుతుంది. సూది అందేది సాధారణంగా స్వరతంతువులోని థైరోఅరిటినాయిడ్ కండరానికే. స్వరతంతువులు పట్టేసి మాట తెగిపోయే స్పాస్మోడిక్ డిస్ఫోనియాలో కనిపించినంత మార్పు ఇక్కడ కనిపించకపోవడానికి కారణం అదే.

కాబట్టి సూది కంటే ముందు చూడాల్సింది పరీక్ష. ముక్కులోంచి సన్నటి ఎండోస్కోప్ పంపి, ‘ఈ’ అని సాగదీయించి, గుసగుసగా మాట్లాడించి, ఊరికే ఊపిరి పీల్చమని చెప్పి, ఏది ఎప్పుడు వణుకుతోందో చూడాలి. నోరు తెరిపించి అంగిలిని కూడా చూడాలి. వణుకు ప్రధానంగా స్వరతంతువుల్లోనే ఉన్నవారికి ఫలితం బాగుంటుంది. ఈ పరీక్ష చేయకుండా నేరుగా సిరంజి తీసే చోటు నుంచి వచ్చేయడమే మేలు.

ఇంజెక్షన్ పని కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. మెడ కాస్త వెనక్కి వాల్చి, చర్మానికి ఈఎంజీ (కండరంలోని విద్యుత్ సంకేతాలను వినిపించే పరీక్ష) ఎలక్ట్రోడ్లు అంటిస్తారు. థైరాయిడ్, క్రికాయిడ్ మృదులాస్థుల మధ్య సందులోంచి సూదిని పైకీ పక్కకీ పోనిస్తారు. ‘ఈ’ అనగానే ఈఎంజీ యంత్రం గట్టిగా చిటపటలాడితే సూది కండరంలో ఉన్నట్టు. సూది మొన గాలి దారిలోకి జారితే దగ్గు తన్నుకొస్తుంది, అప్పుడు వెనక్కి తీసి మళ్లీ పెట్టాలి. మింగకుండా, తల కదపకుండా ఉండటమే మన వంతు పని.

అసలు నైపుణ్యమంతా మోతాదులో ఉంది. ఒక్కో వైపు 1 యూనిట్ దగ్గర్లో మొదలుపెట్టడం మామూలు. వృద్ధులకు, గొంతు అప్పటికే నీరసంగా ఉన్నవారికి ఇంకా తక్కువ, లేదా ఒక్క వైపే. 100 యూనిట్ల సీసాను 8 మి.లీ. సెలైన్‌లో కలిపితే 0.1 మి.లీ.లో 1.25 యూనిట్లు వస్తాయి. ద్రవం అంతకంటే ఎక్కువైతే పక్క కండరాలకు పాకి మింగడం దెబ్బతింటుంది. బొటాక్స్ యూనిట్, అదే రకం మందుకు ఇంకో బ్రాండైన డిస్‌పోర్ట్ యూనిట్ ఒకటి కావు. బ్రాండు మారిస్తే పాత అంకె పనికిరాదు.

ఒకటి నుంచి మూడు రోజుల్లో మందు పట్టుకుంటుంది. ఆ వెంటనే ఒకటి రెండు వారాలు గొంతులో గాలి పోతూ మాట పేలవంగా వస్తుంది, నీళ్లు తాగితే పొలమారుతుంది. గడ్డం ఛాతీ వైపు వంచి చిన్న గుక్కలుగా తాగితే చాలావరకు సర్దుకుంటుంది. పాఠాలు చెప్పేవారు, పాడేవారు ఈ వారాలు లెక్కేసుకునే తేదీ తీసుకోవాలి. ఊపిరి పీలిస్తే ఈల లాంటి చప్పుడు వచ్చినా, ఆయాసం వచ్చినా ఇంట్లో ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మంచి దశ సుమారు మూడు నెలలు నడుస్తుంది, తర్వాత మళ్లీ వేయించుకోవాలి.

కండరాలు త్వరగా నీరసించే మయస్థీనియా గ్రావిస్ జబ్బు ఉన్నవారికి ఈ మందు ప్రమాదం. రక్తం పలచబరిచే మందులు, జెంటామైసిన్ లాంటి అమైనోగ్లైకోసైడ్ యాంటీబయాటిక్‌లు వాడుతుంటే ముందే చెప్పాలి. వణుకుకు ఇచ్చే ప్రొప్రనలాల్, ప్రిమిడోన్ మాత్రలు చేతుల వణుకును తగ్గించినంతగా గొంతు వణుకును తగ్గించవు. ఉబ్బసం ఉంటే ప్రొప్రనలాల్ అసలు పడదు.

మొదటి విడత చూసి తీర్పు చెప్పకండి, అది మోతాదు వెతుక్కునే విడత. గొంతు ఎన్ని రోజులు పేలవంగా ఉంది, ఎన్ని వారాలు బాగుంది అన్నది రాసిపెట్టుకుంటే రెండో విడతలో పావు యూనిట్ పెంచాలో తగ్గించాలో డాక్టరుకు తెలుస్తుంది. ప్రతిసారీ బ్రాండు పేరు, ఏ వైపు ఎన్ని యూనిట్లు, ఎంత సెలైన్‌లో కలిపారు అన్నవి కాగితం మీద అడిగి తీసుకోండి. డాక్టరు మారాల్సి వస్తే ఆ కాగితం చాలు, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు.