బ్లై అడవిలో ఆరు పేర్లు

గత జూన్‌లో నేను, నా భార్య, పన్నెండేళ్ళ మా అబ్బాయి, కోనసీమ నుంచి వచ్చి మా దగ్గర ఉన్న మా అమ్మ, నలుగురం కలిసి పోర్ట్‌లండ్ పక్కనున్న హిల్స్‌బరో నుంచి దక్షిణ ఓరెగన్‌లోని బ్లై అనే చిన్న ఊరికి వెళ్ళి వచ్చాం. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ గాలిలోకి వదిలిన బెలూన్ బాంబు పేలి ఆరుగురు చనిపోయిన చోటు ఆ ఊరి దగ్గరి అడవిలో ఉంది. ఆ చోటును వీలైన ప్రతివారూ చూడాలని, మేము దిగిన మోటెల్ లాంటి చోట మాత్రం ఎవరూ దిగకూడదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పోర్ట్‌లండ్ నుంచి, మేము బస చేసిన క్లామత్ ఫాల్స్ అనే ఊరికి సుమారు 280 మైళ్ళు. ఆ ప్రయాణం హాయిగా సాగింది.

మోటెల్ సంగతి వేరు. ఆన్‌లైన్‌లో రాత్రికి 89 డాలర్లని చూసి రెండు రాత్రులకు గది తీసుకున్నాం. తీరా కౌంటర్ దగ్గరికి వెళ్ళాక, సౌకర్యాల రుసుము రోజుకు 15 డాలర్లని, ఇద్దరికి మించితే మనిషికి రాత్రికి 10 డాలర్లని, పైన పన్ను అని లెక్క చెప్పి, 178 డాలర్ల గదిని 272 డాలర్ల 80 సెంట్లు చేశారు. అదికాక డిపాజిట్‌గా మరో 150 డాలర్లు కార్డు మీద ఆపి ఉంచారు. గది తలుపు తీయగానే సిగరెట్ కంపు కొట్టింది. కిటికీ పక్కనున్న కుర్చీ మీద కాలిన మచ్చలు రెండు కనిపించాయి. గది మార్చమంటే ఖాళీలు లేవన్నారు. బయట వాహనాలు నిలిపే చోటు సగానికి పైగా ఖాళీగానే ఉంది. అమ్మకు ఆయాసం ఉన్నందువల్ల ఆ రాత్రంతా కిటికీ తెరిచే పడుకోవలసి వచ్చింది. నా భార్య ముందుచూపుతో ఆ మచ్చలను అప్పుడే ఫోటో తీసి ఉంచింది. గది ఖాళీ చేసిన మర్నాడు, మేము గదిలో పొగ తాగామంటూ డిపాజిట్‌లోంచి 75 డాలర్లు కోసుకున్నారు. మా ఇంట్లో పొగ తాగేవారు ఎవరూ లేరు. ఫోన్ చేస్తే మేనేజర్ లేరని మూడుసార్లు చెప్పారు. చివరికి ఆ ఫోటోలను తేదీలతో సహా బ్యాంకుకు పంపి ఫిర్యాదు చేస్తే 19వ రోజున డబ్బు వెనక్కి వచ్చింది. గదిలోకి అడుగు పెట్టిన వెంటనే, సంచులు దించకముందే, ప్రతి మూలనూ ఫోటో తీసుకోండి.

రెండో రోజు పొద్దున్న 140వ నంబరు రహదారి మీద తూర్పుగా గంటకు పైగా ప్రయాణించి బ్లై చేరాం. అమ్మ రాత్రి నిద్ర లేక, నా భార్య మోటెల్ మీద కోపంతో, దారంతా మౌనంగానే ఉన్నారు. అక్కడి అటవీ శాఖ కార్యాలయంలో ఒక ఉద్యోగిని దారి వివరంగా చెప్పి, కాగితం మీద పటం గీసి ఇచ్చింది. ఊరు దాటాక మాకు ఫోన్ సిగ్నల్ అందలేదు కాబట్టి ఆ పటమే మమ్మల్ని చేర్చింది. ఇంకో పది మైళ్ళ పైచిలుకు అడవిలోకి వెళ్ళాలి. ప్రవేశ రుసుము లేదు. తాగునీరు, భోజనం మీరే తీసుకువెళ్ళాలి. శీతాకాలంలో మంచు పేరుకుంటుంది కాబట్టి అప్పుడు ఈ దారి పట్టకపోవడమే మంచిది.

పాండెరోసా పైన్ చెట్ల నడుమ రాతితో కట్టిన స్తూపం, దానికి కంచు ఫలకం, చుట్టూ కంచె: పైకి కనిపించేది ఇంతే. ఫలకం మీద ఆరు పేర్లు, వాటి పక్కన వయసులు ఉన్నాయి. ఎల్సీ మిచెల్‌కు 26 ఏళ్ళు. మిగిలిన ఐదుగురూ 11 నుంచి 14 ఏళ్ళ పిల్లలు. 1945 మే 5న పాస్టర్ ఆర్చీ మిచెల్, గర్భవతి అయిన భార్య ఎల్సీ, ఆదివారపు బడి పిల్లలు ఐదుగురు వనభోజనానికి వచ్చారు. ఆయన కారు దగ్గర ఉండగా, పిల్లలకు నేల మీద ఏదో వింత వస్తువు కనిపించింది. ముట్టుకోవద్దని ఆయన కేక వేసేలోపే అది పేలింది. ఆయన ఒక్కరే మిగిలారు. మా అబ్బాయి ఆ వయసులను ఒక్కొక్కటీ పైకి చదివి, తరవాత చాలాసేపు మాట్లాడలేదు.

ఆ ఆయుధం గురించి తెలుసుకుని వెళ్ళకపోతే ఆ చోటు సగమే అర్థమవుతుంది. 1942 ఏప్రిల్‌లో అమెరికా విమానాలు టోక్యో మీద బాంబులు వేశాక, ప్రతీకారానికి దారి వెతికిన జపాన్ సైన్యం ఆకాశంలోని గాలినే వాహనంగా వాడుకుంది. జపాన్ మీదుగా చాలా ఎత్తున తూర్పుకు వీచే బలమైన గాలులను ఓయిషి వసాబురో అనే వాతావరణ శాస్త్రవేత్త 1920లలోనే కొలిచి, 1926లో ఎస్పెరాంటో అనే కృత్రిమ భాషలో ప్రకటించాడు. ఆ భాష చదివేవారు తక్కువ కావడంతో బయటి ప్రపంచం దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఆ గాలిలోకి 1944 నవంబరు నుంచి 1945 ఏప్రిల్ వరకు సుమారు 9,300 బెలూన్లు వదిలారు. పది మీటర్ల వ్యాసం గల ఆ బెలూన్లలో హైడ్రోజన్ నింపేవారు. ఎండకు వాయువు వ్యాకోచిస్తే కవాటం కొంత బయటికి వదిలేది. రాత్రి చలికి బెలూన్ కిందికి దిగితే, గాలి పీడనాన్ని కొలిచే బారోమీటర్లు విద్యుత్ వలయాన్ని కలిపి ఇసుక సంచులను రాల్చేవి, దాంతో అది మళ్ళీ పైకి లేచేది. ఇసుక అయిపోయేసరికి అమెరికా వస్తుంది, అప్పుడు బాంబులు రాలతాయి. మనిషి నడపకుండా ఒక మహాసముద్రాన్ని దాటిన ఆయుధమిది. ఇంత తెలివి ఎక్కడ ఖర్చయిందో ఆ ఫలకం ముందు నిలబడి తలచుకుంటే నాకు బాధ కలిగింది.

బెలూన్‌ను చేసింది కాగితంతో. మల్బరీ జాతి చెట్టు నారతో చేసిన వాషి కాగితాన్ని పొరలు పొరలుగా అతికించారు. ఆ జిగురు కొన్యాకు అనే దుంప పిండిది; అది మన కందకు దగ్గరి చుట్టం, రెండూ ఒకే ప్రజాతి మొక్కలు. ఈ మాట చెప్పగానే, కొబ్బరి తోటలో అంతరపంటగా కంద వేసే ఇంట్లో పుట్టిన మా అమ్మ నమ్మలేక, "తినే కందతోనా నాన్నా?" అని అడిగింది. అవును, ఆ దుంపను జపాన్ వాళ్ళూ తింటారు. అతికించే పని చేసినవారిలో చాలామంది బడి మాన్పించి తెచ్చిన ఆడపిల్లలు. ఆకలికి తట్టుకోలేక ఆ జిగురునే దొంగచాటుగా తిన్నవారూ వారిలో ఉన్నారు. అమ్మను ఆ రోజంతా వెంటాడినది ఈ సంగతే. "అక్కడా పిల్లలే, ఇక్కడా పిల్లలే" అని కారెక్కాక మళ్ళీ అన్నది.

నాకు మింగుడుపడనిది మరొకటి ఉంది. బెలూన్లు చేరుతున్నాయని జపాన్‌కు తెలియకూడదని 1945 జనవరి నుంచి అమెరికా ప్రభుత్వం పత్రికల నోరు కట్టింది. యుద్ధ వ్యూహంగా అది పనిచేసింది. బెలూన్లు ఎక్కడ పడుతున్నాయో సరిగ్గా తెలియకపోవడం, జపాన్ ఆ పని ఆపేయడానికి ఒక కారణమైంది. కానీ బ్లై పిల్లలకు ఆ వస్తువును ముట్టుకోవద్దని చెప్పేవారు లేకపోయారు. ఆరుగురు పోయాకే ప్రభుత్వం జనాన్ని బాహాటంగా హెచ్చరించింది. 1949లో పరిహారంగా ఒక్కొక్క బిడ్డకు 3,000 డాలర్లు, ఎల్సీ భర్తకు 5,000 డాలర్లు ఇచ్చారు. ఆ ఆయుధం ప్రమాదం యుద్ధంతోనే తీరిపోలేదు: 2014లో కూడా కెనడాలోని బ్రిటిష్ కొలంబియా అడవిలో ఒకటి దొరికితే, సైనికులు అక్కడికక్కడే పేల్చివేయవలసి వచ్చింది.

స్తూపం దగ్గర చెర్రీ చెట్లు ఉన్నాయి. యుద్ధకాలంలో జపాన్ సంతతివారిని అమెరికా ప్రభుత్వం ఉంచిన తూలే లేక్ నిర్బంధ శిబిరంలో పెరిగిన యుజురు టకేషిత అనే జపనీస్ అమెరికన్ ఆచార్యుడు, ఆ బెలూన్లు చేసిన స్త్రీలకు బ్లై సంగతి తెలియజేశాడు. తమ పని వల్ల ఎవరైనా చనిపోయారని అప్పటిదాకా తెలియని ఆ స్త్రీలు, 1987లో వెయ్యి కాగితపు కొంగలు మడిచి చనిపోయినవారి కుటుంబాలకు పంపారు. స్తూపం దగ్గర ఈ చెర్రీ మొక్కలు నాటింది 1995లో. మేము వెళ్ళేసరికి పూత రాలిపోయింది.

మర్నాడు తూలే లేక్ కూడా చూశాం. ఒకప్పుడు 18,000 మందికి పైగా జపాన్ సంతతివారిని నిర్బంధించిన నేల అది. క్లామత్ ఫాల్స్ నుంచి గంటలోపు దూరమే కాబట్టి, బ్లై వెళ్ళేవారు ఈ రెంటినీ కలిపి చూడాలని నా గట్టి అభిప్రాయం. తిరుగు దారిలో క్రేటర్ లేక్ జాతీయ పార్కు ప్రవేశానికి ఇచ్చిన 30 డాలర్లకు పూర్తి న్యాయం జరిగింది. రాత్రి ఒక మెక్సికన్ బండి దగ్గర నలుగురం 41 డాలర్లకు తిన్న వేడి వేడి బీన్స్, మొక్కజొన్న రొట్టెలు ఆ మూడు రోజుల్లో అమ్మ ఇష్టంగా తిన్న ఒకే ఒక్క భోజనం.

ఈసారి మే నెలలో, చెర్రీ పూసే వేళకు వెళ్ళాలని అబ్బాయి ఇప్పటికే క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకున్నాడు. బస మాత్రం నా భార్య చూసుకుంటానంది.