యంగర్ డ్రయాస్ చలి: తోకచుక్కా, అగ్నిపర్వతమా, మంచునీళ్ళా?

దాదాపు 12,900 ఏళ్ళ క్రితం ఉన్నట్టుండి ముంచుకొచ్చిన, యంగర్ డ్రయాస్ అని పిలిచే చలి గురించి ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు, అందరిదీ ఒకటే మాట: "తోకచుక్క పడటం వల్లే కదా?" మొదట్లో నాకూ ఆ కథే నచ్చింది. మంచుయుగం ముగిసి భూమి వెచ్చబడుతున్న సమయంలో యూరప్, గ్రీన్‌లాండ్ మళ్ళీ గడ్డకట్టుకుపోయాయి, అదీ ఒకటి రెండేళ్ళు కాదు, సుమారు 1,200 ఏళ్ళు. ఇంత జరిగిందంటే ఆకాశం నుంచి ఏదో పడే ఉంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ చదివేకొద్దీ నా మనసు నీళ్ళ వైపుకే మళ్ళింది.

ముందు తోకచుక్క సంగతి. 2007లో ఫైర్‌స్టోన్ బృందం పెట్టిన వాదన ఇది. ఉత్తర అమెరికాలో ఆ కాలం నాటి నల్లమట్టి పొర అడుగున సూక్ష్మ గోళాలు, నానో వజ్రాలు, ఇరీడియం అనే అరుదైన లోహం దొరికాయని, ఇవి ఆకాశం నుంచి ఏదో పడ్డదానికి గుర్తులని అన్నారు. మామత్‌లు అనే బొచ్చు ఏనుగులు, అక్కడి క్లోవిస్ వేటగాళ్ళ రాతి పనిముట్లు కనబడకుండా పోవడం కూడా దీని ఖాతాలోనే వేశారు. 2013లో గ్రీన్‌లాండ్ మంచులో ప్లాటినం ఒక్కసారిగా పెరిగిన పొర బయటపడటంతో వాదనకి బలం వచ్చినట్టే కనిపించింది. అయితే అవే పొరలు వెతికిన వేరే బృందాలకి గోళాలు ఆ లెక్కలో దొరకలేదు. ఆ వయసు బిలం, అంటే ఢీకొన్నచోట పడే గుంత, ఇంతవరకూ దొరకలేదు. గ్రీన్‌లాండ్ మంచు కింద 31 కిలోమీటర్ల హయావతా బిలం ఉందని 2018లో ప్రకటించినప్పుడు చాలామంది "ఇదే, ఇదే" అనుకున్నారు, 2022లో వయసు తేలితే అది 5.8 కోట్ల ఏళ్ళ నాటిది. పైగా ఆ ప్లాటినం చలి మొదలైన కొన్ని దశాబ్దాల తర్వాతిదని ఈమధ్య పరిశీలనలు చెబుతున్నాయి. తర్వాత వచ్చింది ముందు జరిగినదానికి కారణం ఎలా అవుతుంది?

అగ్నిపర్వతం వాదనలో ఎక్కువగా వినిపించే పేరు జర్మనీలోని లాఖర్ సీ. పెద్ద విస్ఫోటనమే, తేదీ కూడా దగ్గరగానే ఉండేది. కానీ 2021లో ఆ బూడిదలో పూడిపోయిన చెట్ల వలయాలు లెక్కపెట్టి చూస్తే అది చలి కన్నా ఓ వంద ఏళ్ళకి పైగా ముందే జరిగిందని తేలింది. ఇంకో ఇబ్బంది, గాల్లోకి లేచి ఎండని ఆపే గంధకం రెండు మూడేళ్ళలో కిందికి దిగిపోతుంది. 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటుబో అగ్నిపర్వతం పేలితే ప్రపంచం సుమారు అర డిగ్రీ చల్లబడింది, రెండు మూడేళ్ళకే సర్దుకుంది. మన బనగానపల్లె దగ్గర జ్వాలాపురంలో 74,000 ఏళ్ళ నాటి, ఇండోనేషియాలోని తోబా అగ్నిపర్వతపు బూడిద పొర ఉంది కదా, అంతకన్నా ఎన్నో రెట్లు పెద్ద విస్ఫోటనం అది, అయినా ఆ బూడిదకి కిందా పైనా దొరికిన రాతి పనిముట్లు దాదాపు ఒకేలా ఉన్నాయి. అగ్నిపర్వతం తోసి ఉండొచ్చు, 1,200 ఏళ్ళు పట్టి ఉంచలేదు.

సూర్యుడి కాంతి తగ్గిందనే మాట కూడా ఉంది. అంత మార్పు తేగలిగేంత తగ్గుదలకి ఆధారం లేదు, వదిలేద్దాం.

ఇక నీళ్ళు. కెనడా మీద పరుచుకున్న మంచుపలక కరుగుతుంటే దాని అంచున అగాసిజ్ అనే మహా సరస్సు నిండింది. అది గట్టు తెంచుకుని సముద్రంలోకి వెళ్ళింది, మంచినీళ్ళు ఉప్పునీటి మీద తేలి ఉత్తరాన నీరు అడుగుకి దిగకుండా అడ్డుపడ్డాయి, దాంతో అట్లాంటిక్‌లో వేడిని ఉత్తరానికి మోసే ప్రవాహం నీరసించింది. ప్రవాహం తగ్గిందనడానికి బెర్ముడా దగ్గర సముద్రగర్భపు మట్టిలో గుర్తులున్నాయి. ఈ వాదనకి లోపం లేదని అనను. వాలస్ బ్రోకర్ అనే శాస్త్రవేత్త 1989లో నీళ్ళు సెయింట్ లారెన్స్ నది మీదుగా వెళ్ళాయన్నాడు, ఆ దారిలో సరైన కాలపు వరద గుర్తులు గట్టిగా దొరకక ఏళ్ళ తరబడి వాదులాట నడిచింది. 2018లో బ్యూఫోర్ట్ సముద్రపు మట్టిలో మెకెంజీ నది గుండా ఆర్కిటిక్‌లోకి వచ్చిన వరద ఆనవాళ్ళు చూపించారు. దారి మారింది కానీ వాదన నిలబడింది.

నాకు మాత్రం తేల్చేసేది ఇవేవీ కావు, అంటార్కిటికా. "ప్రపంచమంతా చల్లబడింది" అని రాసేస్తాం కానీ, ఉత్తరాన చలి బిగుస్తున్న అదే కాలంలో అంటార్కిటికా వెచ్చబడింది. అక్కడ లోతుగా తవ్వి తీసిన మంచు కడ్డీల్లో ఇది స్పష్టంగా ఉంది. అంతకు ముందు ఉత్తరం వెచ్చగా ఉన్నప్పుడు దక్షిణం కాస్త చల్లబడింది కూడా. ఏతాం దూలం లాగా ఒక కొన దిగితే ఇంకో కొన లేచింది. ఉల్క దుమ్మో, గంధకపు పొగో ఎండని ఆపితే రెండు ధ్రువాలూ చల్లబడాలి, ఒకటి వెచ్చబడటానికి వీల్లేదు. సముద్ర ప్రవాహం నెమ్మదిస్తే మాత్రం జరిగేది సరిగ్గా ఇదే, ఉత్తరానికి చేరాల్సిన వేడి దక్షిణాన ఉండిపోతుంది. అప్పుడే మన ఋతుపవనాలు కూడా బలహీనపడ్డాయి, మేఘాలయలోని మామ్లూ గుహలో పెరిగిన సున్నపు స్తంభాల్లో ఆ కరువు కాలం నమోదై ఉంది. ఉత్తరం చల్లబడితే వానల పట్టీ దక్షిణానికి జరగడం కూడా ఈ లెక్కకే సరిపోతుంది.

ఇంకోటి, ఇలాంటి కుదుపు ఒక్కసారే రాలేదు. గత మంచుయుగంలో గ్రీన్‌లాండ్ ఇరవైకి పైగా సార్లు ఇలాగే గబుక్కున వేడెక్కి మళ్ళీ చల్లబడింది. ప్రతిసారీ తోకచుక్క పడిందంటామా? 8,200 ఏళ్ళ క్రితం అగాసిజ్ మిగులు నీళ్ళు ఖాళీ అయినప్పుడు కూడా ఓ 150 ఏళ్ళ చలి వచ్చింది.

రేపు ఎక్కడైనా 12,900 ఏళ్ళ నాటి బిలం బయటపడితే సంతోషంగా చదువుతాను. అప్పుడు కూడా నేను మొదట వెతికేది ఆ పేపర్‌లో అంటార్కిటికా గురించి ఏం రాశారా అనే.