బోన్సాయ్ కుండీలకు ఏ మట్టి, ఏ గ్లేజు: డాబా మీద ఏళ్ల తరబడి వాడి చూశాక

కుండీలు చేయడం కొత్తగా మొదలుపెట్టినవాళ్లు నన్ను అడిగేది ఎప్పుడూ గ్లేజు గురించే, అంటే కుండీ మీద గాజులా కరిగి అతుక్కునే పూత గురించే. ఆ ఆకుపచ్చ ఎలా వచ్చింది, ఆ నీలం ఎక్కడ కొన్నారు అని. మట్టి సంగతి ఎవరూ ఎత్తరు. కానీ హైదరాబాద్ ఎండలో, బోరు నీళ్లతో కొన్నేళ్లు గడిపిన కుండీలను పక్కపక్కన పెట్టి చూడండి. బతికినవీ చెడినవీ మట్టిని బట్టే తేలతాయి. గ్లేజు ఆ తర్వాతి మాట.

నా దగ్గరున్నది త్రీఫేజ్ మీద నడిచే చిన్న ఎలక్ట్రిక్ కిల్న్, అంటే కుండీలు కాల్చే బట్టీ. డాబా మీద జువ్వి, మర్రి, చింత, కాగితం పూలు, కొన్ని అడీనియంలు. కుండీలన్నీ పలకలు పరిచి అతికినవి, లేదా పీఓపీ అచ్చులో నొక్కి తీసినవి. సారె మీద గుండ్రటివి మాత్రమే వస్తాయి కాబట్టి దాని జోలికి పెద్దగా పోలేదు.

ముందు మన ఊరి కుమ్మరి మట్టి గురించి. చౌక, చేతికి హాయిగా వంగుతుంది, 950 డిగ్రీలకే కాలిపోతుంది. దీని బలం, బలహీనత రెండూ ఒకటే: నీళ్లు తాగడం. కాల్చిన కుండీని పొడిగా తూచి, అయిదు గంటలు నీళ్లలో ఉడికించి, ఒక రోజు నానబెట్టి మళ్లీ తూచితే 640 గ్రాములది 735 అయింది. అంటే దాదాపు 15 శాతం నీరు గోడలోనే ఉంది. మే నెలలో ఆ నీరు ఆవిరవుతూ వేళ్లను చల్లగా ఉంచుతుంది. మొక్కను పెంచి లావు చేసే దశలో ఈ టెర్రకోటకు సాటి లేదని ఇప్పటికీ అంటాను.

చలిదేశాలవాళ్లు స్టోన్‌వేరే (ఎక్కువ వేడికి కాలి రాయిలా గట్టిపడే మట్టి) కావాలని పట్టుబట్టడానికి కారణం మంచు. గోడలో ఇంకిన నీరు గడ్డకట్టి ఉబ్బితే కుండీ పగులుతుంది. మనకు ఆ బాధ లేదు కదా, టెర్రకోట చాలదా అనిపిస్తుంది. చాలదు. మనకు మంచు లేకపోయినా ఉప్పుంది. బోరు నీళ్లలోని లవణాలు గోడలోంచి బయటికొచ్చి, నీరు ఆరిపోగానే అక్కడే స్ఫటికాలు కట్టి, పైపొరను లోపలినుంచి తోస్తాయి. మొదట తెల్లటి చార కనిపిస్తుంది. రెండు మూడు వేసవుల తర్వాత అంచు దగ్గర గోరు పెడితే పొరలుగా రాలుతుంది. వెనిగర్ కలిపిన నీళ్లతో రుద్దితే చార పోతుంది గానీ రాలిన అంచు తిరిగి రాదు.

ఇంకో పేచీ సున్నం. దక్కన్ నేలల్లో, చెరువు మట్టిలో సున్నపురాయి నలుసులు మామూలే. అవి ఆవంలో కాలి పొడిసున్నం అవుతాయి. కుండీ బయటికొచ్చాక గాలిలో తేమ పీల్చుకుని మెల్లగా ఉబ్బుతాయి. బాగానే ఉందనుకున్న కుండీ మీద కొన్ని వారాల తర్వాత వేలిగోరంత పెచ్చు ఊడి పడుతుంది. గుంట నడుమ ఆవగింజంత తెల్లటి చుక్క. దాన్ని సూదితో కదిపితే మెత్తటి పిండి. మట్టిని నీళ్లలో కలిపి 80 నంబరు జల్లెడలో వడకట్టుకోవడం ఒక్కటే దారి. విసుగు పనే, కానీ తప్పదు. నల్లరేగడి మాత్రం అసలు వద్దు. ఆరేటప్పుడే పొలంలో నెర్రెలిచ్చినట్టు విచ్చుకుంటుంది.

స్టోన్‌వేర్ మట్టి బస్తాల్లో కొంటాను. 1220 డిగ్రీలకు కాల్చి అదే తూకం వేస్తే 812 గ్రాములది 829 అయింది, రెండు శాతమే. నా దృష్టిలో బోన్సాయ్ కుండీకి ఇంతకన్నా తక్కువ అక్కర్లేదు. ఈ కుండీల మీద కూడా ఉప్పు పేరుకుంటుంది గానీ పైపైనే. తడిగుడ్డతో పోతుంది. ఇన్నేళ్లలో ఒక్క అంచు కూడా రాలలేదు.

అయితే అది అడిగే ఓపిక వేరు. 30 సెంటీమీటర్ల పచ్చి పలక కాలి వచ్చేసరికి 26న్నర అవుతుంది. చెట్టు వేళ్లను కొలిచి కుండీ చేయాలంటే ఈ తరుగుదల ముందే లెక్కలో వేసుకోవాలి. వెడల్పాటి పళ్లెం లాంటి కుండీలకు అసలు గండం ఆరబెట్టేటప్పుడే. మూలలు ముందు ఆరి పైకి లేస్తాయి, అడుగున నీరు పోయే కన్నం దగ్గర చీలిక వస్తుంది. పలక కింద న్యూస్‌పేపర్ వేస్తే మట్టి ముడుచుకునేటప్పుడు జారడానికి వీలుంటుంది. అంచుల మీద తడిబట్ట, పైన పాలిథిన్ కవరు కప్పి వారం పది రోజులు ఆరనిస్తాను. మట్టిలో గ్రాగ్, అంటే కాలిన మట్టిని నలగ్గొట్టి జల్లించిన బరక పొడి, అయిదో వంతు కలిపితే సగం టెన్షన్ తగ్గుతుంది. ఒంకర్లు తక్కువ, తరుగుదల తక్కువ, పైన ఆ గరుకుదనం చింత బెరడుకు బాగా నప్పుతుంది. అరచేతిలో ఇమిడే మామే బోన్సాయ్ కుండీలకు మాత్రం గ్రాగ్ లేని మట్టే. అంత చిన్నదాని మీద గరుకు మొరటుగా కనిపిస్తుంది.

బస్తా మట్టి మీద ఒక ఫిర్యాదు ఉంది. ఒకే చోట, ఒకే పేరుతో కొన్న రెండు బస్తాలు ఒకేలా ముడుచుకోలేదు. అప్పటినుంచి కొత్త బస్తా విప్పగానే 10 సెంటీమీటర్ల గీత గీసిన బిళ్ల ఒకటి కాల్చి కొలుస్తాను.

మన ఎర్రమట్టిని కూడా 1220కి కాల్చవచ్చా అని శివారు ఊళ్లోని ఒక పెద్ద కుమ్మరిని అడిగితే, "గంత వేడికి ఆగది సార్, కారిపోతది" అన్నాడు. నిజమే. 1100 దాటాక ఉబ్బి, మెత్తబడి, చివరికి కరుగుతుంది. ఇనుము, ఇతర ద్రావక ఖనిజాలు ఎక్కువ కదా. కరుగుతుందంటే అది గ్లేజుగా పనికొస్తుందన్నమాటే. జల్లించిన చెరువు మట్టిని మజ్జిగ చిక్కదనంలో కలిపి స్టోన్‌వేర్ కుండీ మీద పూస్తే తేనె రంగు నుంచి ముదురు గోధుమ దాకా వస్తుంది. నా డాబా మీద నాకు బాగా నచ్చిన రెండు మర్రి కుండీలు ఈ గ్లేజుతోనే చేశాను.

కట్టె బూడిద గ్లేజు ఇంకో మెట్టు పైన. చింత, తుమ్మ కట్టెలు కాల్చిన బూడిద తెచ్చి జల్లించి, బూడిద 40, ఫెల్డ్‌స్పార్ (గ్లేజు కరగడానికి వేసే రాతి పొడి) 35, చెరువు మట్టి 15, బోరాన్ ఉన్న ఫ్రిట్ (ముందే కరిగించి పొడి చేసిన గాజు) 10 పాళ్లలో కలుపుతాను. ఫెల్డ్‌స్పార్‌కు మనకు కొదవ లేదు, నెల్లూరు ప్రాంతం నుంచీ, తెలంగాణ నుంచీ వస్తుంది. బూడిదలో సున్నం పాలు ఎక్కువ కాబట్టి ఈ గ్లేజు కారుతుంది. పైఅంచు మీద పలచబడి గోధుమ రంగు తేలుతుంది, దాని కింది పట్టీలో ఆగి ఆలివ్ ఆకుపచ్చగా గాజులా పేరుకుంటుంది. కాళ్ల నుంచి వేలు మందం పైకి గ్లేజు తుడిచేయకపోతే కుండీ షెల్ఫుకు అతుక్కుంటుంది. ప్రతి బూడిదా వేరే కాబట్టి బిళ్ల నిలబెట్టి కాల్చి చూడకుండా కుండీ మీదకు పోవద్దు. తడి బూడిద చేతులను కొరుకుతుంది, గ్లౌజులు వేసుకోండి. రైస్‌మిల్లు ఊక బూడిద అందుకు భిన్నం, అందులో ఉండేది ఎక్కువగా సిలికా. దాన్ని కొంచెం కలిపితే గ్లేజు పాలలా తెల్లబడి మెల్లగా కదులుతుంది.

బ్రిటిష్ కుమ్మరి బెర్నార్డ్ లీచ్ పేరుతో నడిచే 4-3-2-1 గ్లేజు లెక్క, అంటే ఫెల్డ్‌స్పార్ 40, పలుగురాయి పొడి 30, సుద్ద 20, చైనా క్లే 10, ఇప్పటికీ మంచి పాఠమే. కానీ అది 1280 పైన కరిగేది. పాండిచ్చేరిలో 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ మొదలుపెట్టిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ తరహాలో ఎక్కువ వేడికి కాల్చేవాళ్లకు సరిపోతుంది. నా 1220కి ఫ్రిట్ చేరిస్తే గానీ కరగదు. కాపర్ కార్బొనేట్ రెండు మూడు శాతం వేస్తే ఆకుపచ్చ వస్తుంది. కాగితం పూలకు అది బాగుంటుంది. అదే రాగితో ఎరుపు కావాలంటే కిల్న్‌లో ఆక్సిజన్ తగ్గించాలి, కరెంటు కిల్న్‌లో ఆ ఆశ పెట్టుకోవద్దు. డబ్బాల్లో కొనే రెడీమేడ్ గ్లేజులు మొండివి కావు, చెప్పిన రంగే వస్తుంది. అయితే ఆ మెరుపు చెట్టును మింగేస్తుంది. జపాన్‌లోని తొకొనామె కుండీలు అంత పేరు పడింది గ్లేజు లేని ఎర్ర, గోధుమ మట్టితోనే. పైన్, జూనిపర్లకు గ్లేజు లేనివి, పూలకూ కాయలకూ గ్లేజువి అన్న వాళ్ల ఆనవాయితీని మన చింతకూ మర్రికీ వర్తింపజేస్తే తప్పేం లేదు. లోపలి గోడకు మాత్రం ఎప్పుడూ గ్లేజు పూయను. పొడి మట్టి, పలుగురాయి పొడి కలిపేటప్పుడు ఎన్95 మాస్కు తప్పనిసరి. సిలికా ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు.

కాల్చడం గురించి రెండు మాటలు. కంట్రోలర్ 1220 చూపించినంత మాత్రాన అన్ని అరల్లో 1220 ఉన్నట్టు కాదు. కింది అరలో పెట్టిన కోన్ 6 (ఆ వేడి అందితే వంగేలా చేసిన చిన్న మట్టి శంకువు) వంగకుండా నిటారుగా నిలబడి ఉండటం చాలాసార్లు చూశాను. అందుకే ప్రతి అరలోనూ ఒక కోన్ పెడతాను. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్, అంటే పలుగురాయి, రూపం మారుతుంది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ అక్కడ తొందర పనికిరాదు, వెడల్పాటి కుండీలు విరిగేది అక్కడే. 1000 నుంచి 900 దాకా మెల్లగా చల్లారనిస్తే ఇనుము గ్లేజు మెరుపు పోయి మెత్తటి మ్యాట్ అవుతుంది. ఈ ఒక్క మార్పుకే కుండీల వయసు పెరిగినట్టుంటుంది. కరెంటు ఒక్కో కాల్పుకు 40 యూనిట్ల పైమాటే, స్లాబు మారే నెల చూసుకుని వేయండి.

ముదురు రంగు స్టోన్‌వేర్ పడమటి పిట్టగోడ మీద మధ్యాహ్నం చెయ్యి పెట్టలేనంత కాగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో వాటిని షేడ్ నెట్ కిందికి మార్చుకోవాలి, లేదా చెట్టును మళ్లీ టెర్రకోటలోకి దించాలి. నేను మొదటిదే చేస్తాను, జువ్విని ఏటా కదిలించడం నాకిష్టం లేదు.

ఇప్పుడే మొదలుపెట్టేవాళ్లు కిల్న్ కొనొద్దు. స్టోన్‌వేర్ మట్టి ఒక బస్తా తెచ్చుకుని, కిల్న్ అద్దెకిచ్చే స్టూడియోలో గ్లేజు లేకుండా కాల్పించుకోండి. సొంత కిల్న్ కొంటే ఎలిమెంట్ల, అంటే లోపల వేడెక్కే తీగల, ఖర్చు కూడా ముందే లెక్కేసుకోండి. నా దానికి 1220 అందుకోవడానికి ఇదివరకు తొమ్మిది గంటలు పట్టేది, ఇప్పుడు పదకొండు దాటుతోంది. కాంథాల్ తీగ పాతబడేకొద్దీ ఇంతే. ఈ వానాకాలం అయ్యాక మొత్తం సెట్ మార్పిస్తున్నాను.