85 వేల దుబాయ్ ప్యాకేజీ: కాగితం కాగితం విప్పి చూస్తే

నల్గొండ, దేవరకొండ, కల్వకుర్తి, మక్తల్ బస్టాండ్ల చుట్టుపక్కల దొరికే సరుకు ఇది. "85 వేలు కట్టండి, మిగతాదంతా మాదే బాధ్యత. హెల్పర్ పని, జీతం 1,200 దిర్హంలు, రూము కంపెనీది, ఓటీ (ఓవర్‌టైమ్) కూడా ఉంటది." అమ్మే మనిషి మారినా బిల్లులో పద్దులు మారవు: వీసా, టికెట్, మెడికల్, ఆఫీసు ఖర్చులు. ఐదు స్టార్లకు ఒక స్టార్ ఇస్తున్నాం. అదీ మెడికల్ రోజు హైదరాబాద్ దాకా తోడొచ్చినందుకు.

ముందు ధర. ప్రభుత్వ లైసెన్సు ఉన్న రిక్రూటింగ్ ఏజెంటు కార్మికుడి దగ్గర తీసుకోగలిగే సర్వీసు చార్జీ గరిష్ఠంగా 30,000 రూపాయలు. దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400. దానికి రసీదు ఇవ్వాలి. పాస్‌పోర్టు మామూలు ఫీజు 1,500. విదేశాలకు పనికి పోయేవాళ్ల ప్రవాసీ భారతీయ బీమా రెండేళ్లకు 275 రూపాయలు. ఇక వీసా పద్దు: దుబాయ్ ఉన్న దేశం యూఏఈ, దాని చట్టం ప్రకారం నియామకం ఖర్చులు కంపెనీయే పెట్టుకోవాలి, కూలీ దగ్గర వసూలు చేయకూడదు. మరి మిగిలిన డబ్బు ఎటు పోయినట్టు? "ఆఫీసు ఖర్చులు" అంటే ఊళ్లో సబ్ ఏజెంటు, పట్నంలో ఇంకో ఏజెంటు, అక్కడ కూలీలుండే క్యాంపు మనిషి పంచుకునే వాటాలే. సబ్ ఏజెంటు అనేవాడికి 1983 వలస చట్టంలో చోటే లేదు. లైసెన్సు లేకుండా మనుషులను పంపితే రెండేళ్ల దాకా జైలు, జరిమానా మాత్రం రెండు వేలకు మించదు. ఒక్క గిరాకీతోనే ఆ జరిమానాకు ఎన్నో రెట్లు వస్తుంటే భయమెక్కడిది!

ఈ 85 వేలు నూటికి మూడు రూపాయల మిత్తికి తెస్తే నెలకు 2,550. రెండేళ్ల కాంట్రాక్టు అయ్యేసరికి మిత్తి ఒక్కటే 61,200. పాలమూరు గుంపు మేస్త్రీని ఎన్ని మాటలన్నా, ముంబై, పుణె సైట్లకు తీసుకుపోయే ముందు కూలీ చేతిలో అడ్వాన్సు పెట్టేవాడు. ఇక్కడ అడ్వాన్సు ఇచ్చేది కూలీనే.

అసలు దెబ్బ వీసా దగ్గర పడుతుంది. బిల్లులో "వీసా" అని మాత్రమే రాస్తారు. అది విజిట్ వీసానా, ఎంప్లాయ్‌మెంట్ వీసానా అని గుచ్చి అడగండి. "ముందు విజిట్‌మీద పోతే అక్కడ మార్పిస్తాం" అని జవాబు వస్తే బేరం అక్కడితో ఆపేయొచ్చు. విజిట్ వీసామీద పని చేయడం అక్కడ నేరం. గడువు దాటితే రోజుకు 50 దిర్హంల జరిమానా, నెల దాటితే 1,500. దిర్హం 23 రూపాయలనుకుంటే 34,500. అట్లా ఇరుక్కుని దాక్కుంటూ బతికేవాళ్లనే గల్ఫ్‌లో ఖల్లివెల్లి అంటారు. వాళ్లకు జీతం ఎగ్గొట్టినా లేబర్ ఆఫీసు మెట్లెక్కడానికి భయం.

పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టుమీద ఈసీఆర్, అంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి అని ఉంటుంది. అలాంటివాళ్లు గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకు పనికి పోవాలంటే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్ ఈ-మైగ్రేట్ ద్వారా ఆ క్లియరెన్స్, అంటే పనికి పోవడానికి అనుమతి, కావాలి. కంపెనీ పేరు, జీతం, పని అన్నీ అందులో నమోదవుతాయి. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు ఇచ్చే బీమా కూడా దీనితోనే ముడిపడి ఉంది. విజిట్ వీసా దారిలో పంపేవాడు తప్పించేది సరిగ్గా ఈ నమోదునే. "ఎయిర్‌పోర్టులో సెట్టింగ్ ఉంది" అన్నాడంటే మీ పేరు ఏ రికార్డులోనూ ఉండదని అర్థం.

జీతం లెక్కలో ఇంకో మెలిక ఉంది. 1,200 అన్నది మొత్తం. ఆఫర్ లెటర్ తెరిస్తే బేసిక్ 800, మిగతా 400 అలవెన్సులు అని కనిపించవచ్చు. ఓటీ కట్టేది బేసిక్‌మీదే. 800ను 30 రోజులతో, 8 గంటలతో భాగిస్తే గంటకు 3.33 దిర్హంలు. ఓటీకి అదనంగా ఇచ్చే పావు వంతు కలిపితే 4.17. రోజుకు రెండు గంటల చొప్పున 26 రోజులు చేస్తే 217 దిర్హంలు. ఏజెంటు 1,200మీద లెక్కగట్టి 325 అని ఆశ చూపిస్తాడు. నెలకు 108 దిర్హంలు, అంటే దాదాపు రెండున్నర వేలు అక్కడే తేడా. ఇంచుమించు నెల మిత్తి అంత. సర్వీసు ముగిశాక వచ్చే గ్రాట్యుటీ కూడా బేసిక్‌మీదే: మొదటి ఐదేళ్లలో ఏడాదికి 21 రోజుల జీతం, 800కు 560 దిర్హంలు. ఏడాది నిండకముందే వచ్చేస్తే అదీ లేదు.

తిండి కంపెనీదా, మనదా అని కూడా తేల్చుకోవాలి. "రూము ఫ్రీ" అంటే మెస్ ఫ్రీ అని కాదు. మెస్సుకు 300, ఫోను, సబ్బులు, చిల్లరకు 100 పోతే ఓటీ లేని నెలలో చేతిలో మిగిలేది 800 దిర్హంలు, అంటే 18,400 రూపాయలు. మిత్తి తీస్తే 15,850. అసలు ఇంకా అలాగే ఉంది. ఇదే మనిషికి హైదరాబాద్ సైటులో నెలకు ఎంత మిగులుతుందో పక్కన రాసుకుని చూడండి. క్యాంపు నుంచి సైటుకు బస్సులో పోయే టైము మామూలుగా పని గంటల్లోకి రాదు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని చేయించకూడదన్న నిబంధన ఉంది. ఆ విరామం ఉన్నా పొద్దు పొడవకముందే డ్యూటీ ఎక్కాల్సి వస్తుంది.

సౌదీకి "ఆజాద్ వీసా" ఉందని కూడా అమ్ముతారు. అలాంటి వీసా చట్టంలో లేదు. ఒక కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) పేరుమీద పోయి వేరేచోట పని చేయడమే దాని అర్థం. కఫీల్‌కు నెలనెలా కప్పం కట్టాలి, వాడు హురూబ్ (పారిపోయాడన్న ఫిర్యాదు) పెడితే అకామా (అక్కడ ఉండే అనుమతి కార్డు) ఉన్నా దొంగే.

అయినా పోక తప్పదనుకుంటే, ముందు మెడికల్. గల్ఫ్ దేశాలు గుర్తించిన సెంటర్‌లోనే, వాఫిద్ (గల్ఫ్ మెడికల్ బుకింగ్ సైటు) స్లిప్పు తీసుకుని. హెపటైటిస్ బి, సి ఉన్నా, ఎక్స్‌రేలో ఎప్పుడో తగ్గిపోయిన టీబీ మచ్చ కనిపించినా అన్‌ఫిట్ అంటారు. ఏజెంటుకు డబ్బు కట్టాక ఈ సంగతి తేలితే తిరిగి రాబట్టడం గగనం. ఫిట్ అని వచ్చాక ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ సైటు జాబితాలో వెతకండి. లైసెన్సు లేని ఏజెంట్ల జాబితా కూడా అందులోనే ఉంటుంది. హైదరాబాద్ మల్లేపల్లి ఐటీఐ ఆవరణలో ఉన్న, విదేశీ ఉద్యోగాలకు పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో కూడా అడగొచ్చు, కాకపోతే అక్కడ హెల్పర్ కన్నా పని నేర్చినవాళ్లకు అవకాశాలెక్కువ.

ఆఫర్ లెటర్‌ను హిందీలోనో ఉర్దూలోనో అడగండి, ఇస్తారు. బేసిక్, పని పేరు, తిండి, సెలవులు, ఈ నాలుగు గళ్లు చదివాకే సంతకం. డబ్బు బ్యాంకు ఖాతా నుంచే కట్టండి. పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు ఫొటోలు తీసి ఇంట్లో ఒకరి ఫోన్లో ఉంచండి. అక్కడ దిగాక కంపెనీ పాస్‌పోర్టు గుంజుకుంటే అది యూఏఈ చట్టానికే విరుద్ధం. ఇంట్లోవాళ్లు ఇక్కడి నుంచి విదేశాంగ శాఖ సహాయ నంబరు 1800 11 3090కు ఫోన్ చేయొచ్చు, ఆ శాఖదే అయిన మదద్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు పెట్టొచ్చు. రెండింటికీ ఆ ఫొటోలే ఆధారం.