14 ఏళ్లు, నాలుగు ప్రెస్సులు, మూడు రకాల కౌంటర్లు

బాలానగర్‌లో మాది చిన్న ప్రెస్ షాపు. నాలుగు పవర్ ప్రెస్సుల మీద వాషర్లు, క్లాంపులు జాబ్ వర్కుగా కొట్టి ఇస్తాం. ముక్కకు ఇంత అని లెక్క కాబట్టి, ప్రెస్ ఎన్నిసార్లు కొట్టిందో చూపే కౌంటర్ అంకె మీదే మా డబ్బులు. కౌంటర్ కొనేవాళ్లు ఎక్కువగా డిస్‌ప్లే, ధర చూస్తారు. నన్నడిగితే, స్ట్రోక్ (ప్రెస్ కొట్టే ఒక్కో దెబ్బ) పడిందని ఆ కౌంటర్‌కు ఎలా తెలుస్తుందో ముందు చూడాలి.

మెకానికల్ కౌంటర్‌లో రామ్ (ప్రెస్‌లో పైకీ కిందికీ కదిలి కొట్టే భాగం) దిగినప్పుడల్లా కడ్డీ లీవర్‌ను లాగుతుంది, లోపల రాట్చెట్ అనే పళ్ల చక్రం ఒక పన్ను జరుగుతుంది. కరెంటు అక్కర్లేదు, కరెంటు పోయినా అంకె పోదు. నిమిషానికి 50 స్ట్రోకుల ప్రెస్‌కు దీని వేగం బాగా సరిపోతుంది. కష్టమంతా కడ్డీ దగ్గరే. తక్కువ లాగితే పన్ను జరగదు, ఎక్కువ లాగితే లీవర్ దెబ్బతింటుంది. మొదటి ఏడాదే నాకు రెండు కౌంటర్లు పోయాయి. తర్వాత కడ్డీకి, లీవర్‌కు మధ్య చిన్న స్ప్రింగ్ పెట్టాను. మూడోది ఇప్పటికీ నడుస్తోంది.

కాయిల్‌తో తిరిగే ఎలక్ట్రికల్ కౌంటర్‌ను మెషీన్‌కు దూరంగా, గోడకు పెట్టుకోవచ్చు. అందుకే కొన్నాను. ఒకరోజు రామ్ అడుగున బిగుసుకుపోయింది. మోటారు ఆపి డై (ముక్కను కోసే అచ్చు) విప్పే పనిలో పడ్డాం. స్ట్రోక్ పడగానే కాయిల్‌కు కరెంటు ఇచ్చే లిమిట్ స్విచ్ నొక్కుకునే ఉంది, కాయిల్‌కు కరెంటు వెళ్తూనే ఉంది. కాలిన వాసన వచ్చాక గానీ చూడలేదు. ఇలాంటిది కొంటే ఎంతసేపు కరెంటు ఉన్నా తట్టుకునే కాయిలేనా అని అడగండి. లేదంటే రామ్ మధ్యలో ఉన్నప్పుడే స్విచ్ నొక్కుకునేలా క్యామ్ పెట్టండి.

ఎలక్ట్రానిక్ కౌంటర్ ఎయిర్ క్లచ్ (గాలి ఒత్తిడితో పనిచేసే క్లచ్) ప్రెస్ మీద ఉంది. 5,000 సెట్ చేస్తే ఆ లెక్క రాగానే అందులోని రిలే క్లచ్ వాల్వ్‌కు కరెంటు ఆపేస్తుంది, ప్రెస్ ఆగుతుంది. పెద్ద ఆర్డర్లలో ఈ ఒక్క సౌకర్యానికే దాని ధర గిట్టుతుంది. అయితే ఇది లెక్క కోసం ఆపడమే. చేతుల రక్షణకు వేరే ఏర్పాటు ఉండాల్సిందే. మొదట్లో దీనికి పాత లిమిట్ స్విచ్చే కలిపాను. స్విచ్ కాంటాక్టు అదిరి, ఒక్కోసారి ఒక స్ట్రోక్‌కు రెండు పడేవి. కౌంటర్‌లోని ఇన్‌పుట్ ఫిల్టర్‌ను 30 హెర్ట్జ్‌కు తగ్గించాక, అంటే మరీ వేగంగా వచ్చే సిగ్నళ్లను వదిలేసేలా చేశాక ఆగింది. తర్వాత, లోహం దగ్గరికి వస్తే తాకకుండానే గుర్తించే ప్రాక్సిమిటీ సెన్సర్ పెట్టాను. పక్కన వెల్డింగ్ మొదలైతే అంకె దానంతట అదే ఎగిరేది. షీల్డెడ్ కేబుల్ వేసి, మోటారు వైర్లకు దూరంగా లాగాక నాలుగేళ్లుగా ఆ టెన్షన్ లేదు. కానీ సెన్సర్ 2 మిల్లీమీటర్ల లోపలే పట్టుకునే రకం. అదురుకు దాని నట్టు వదులైతే లెక్క తప్పుతుంది. అందుకని నట్టు మీద పెయింటు గీత పెట్టి, రోజూ పొద్దున చూస్తాం.

ఇంకో మాట. ముక్క పెట్టకుండా పెడల్ తొక్కినా మూడూ లెక్కేస్తాయి. ఒకసారి 5,000 అని పంపిన సరుకులో 140 తక్కువని కస్టమర్ ఫోన్ చేశారు. మా ఆపరేటర్ అడిగాడు: "అన్నా, కౌంటర్ల పడ్డదానికి పైసలిస్తవా, బస్తాల ఉన్నదానికా?" న్యాయమైన ప్రశ్న. అప్పటినుంచి 100 ముక్కలు తూచి, ఆ బరువుతో బస్తా లెక్క సరిచూసి కస్టమర్‌కూ ఆపరేటర్‌కూ అదే చెబుతున్నాం.

ఇప్పుడు నాలుగు ప్రెస్సులకూ రీసెట్ లేని మెకానికల్ కౌంటర్ ఉంది. డై ఎక్కించినప్పుడు, దించినప్పుడు ఆ అంకె పుస్తకంలో రాస్తాం. పదును పెట్టే సమయం దాన్నిబట్టే తెలుస్తుంది. దాన్ని ఎవరూ సున్నా చేయలేరు, అందుకే నమ్ముతాను. ఆర్డర్ లెక్కకు రెండు ప్రెస్సుల మీద ఎలక్ట్రానిక్. కాయిల్ కౌంటర్ మాత్రం మళ్లీ కొనలేదు.