మూడేళ్ళు 50 ఎంఎం వాడాక: కొత్తవాళ్ళకి రెండో లెన్స్ నిజంగా కావాలా?

నాది కానన్ 1500డి కెమెరా. బాక్సులో వచ్చిన 18-55 కిట్ లెన్స్‌తోనే (18 నుంచి 55 ఎంఎం దాకా జూమ్ అవుతుంది, ఎంఎం పెరిగేకొద్దీ దూరంగా ఉన్నవి దగ్గరగా కనపడతాయి) ఏడాదిన్నర లాగించా, తర్వాత జూమ్ లేని 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం కొన్నా, అదొచ్చి మూడేళ్ళు దాటింది. మంచి లెన్సే, కానీ కెమెరాతో పాటే కొనేసి ఉంటే ఇంత ఉపయోగపడేది కాదు, అందుకే ఇది రాస్తున్నా.

అవసరం తెలిసొచ్చింది మా నాయనమ్మ ఫోటో దగ్గర. దీపాలు పెట్టే వేళ వసారాలో కూచుని మల్లెపూలు కడుతోంది, పైన ఒక్కటే బల్బు. 55 దాకా జూమ్ చేస్తే కిట్ లెన్స్ ఎఫ్/5.6 కంటే తెరుచుకోదు (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకుంటుంది), వెలుతురు చాలనప్పుడు పెంచే ఐఎస్ఓ 6400 పెట్టినా షట్టర్ 1/30 సెకను దగ్గరే ఆగింది. లెన్స్‌లో స్టెబిలైజర్ ఉంది కాబట్టి చాప, బుట్ట, గోడ అన్నీ చక్కగా వచ్చాయి, ఆవిడ వేళ్ళు మాత్రం చెరిగిపోయాయి, మొహం నిండా ఇసక చల్లినట్టు గ్రెయిన్. స్టెబిలైజర్ మన చేతి వణుకుని ఆపుతుంది గానీ ఎదుటి మనిషి కదిలితే ఏం చెయ్యలేదు. ఎఫ్/1.8 అంటే 5.6 కంటే దగ్గర దగ్గర పది రెట్లు వెలుతురు. తర్వాత 50 తో అదే బల్బు కింద ఐఎస్ఓ 3200, షట్టర్ 1/125 పెట్టి తీస్తే దారం వేస్తున్న ముడి కూడా కనపడింది. ఆ ప్రింటు ఇప్పుడు మా హాల్లో ఉంది.

కొనేముందు నేను చేసిన పని ఒకటుంది, మీరూ చెయ్యండి. పాత ఫోటోలన్నీ కంప్యూటర్లో వేసి రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ చూస్తే ఏ ఫోకల్ లెంగ్త్‌లో, అంటే ఎన్ని ఎంఎం దగ్గర, తీశామో ఉంటుంది. నావి సగానికి పైగా 50-55 దగ్గరే ఉన్నాయి, మిగతావి ఎక్కువ 18 దగ్గర. అక్కడితో ఆగకుండా ఆ 55వి ఒక్కొక్కటీ తెరిచి చూడాలి. ఇంట్లో మనుషుల మొహాలైతే మీకు తక్కువైంది వెలుతురు, చెరువులో పిట్టలైతే తక్కువైంది దూరం, రెండిటికీ మందు వేరు. ఇవేవీ కాకుండా ఎండలో పొలాలు, గుళ్ళు, టూర్ ఫోటోలు బానే వస్తున్నాయంటే ఏమీ కొనక్కర్లేదు, నిజంగా చెప్తున్నా, కిట్ లెన్స్ ఎఫ్/8 దగ్గర చాలా మంచి లెన్స్. తర్వాత రెండు వారాలు జూమ్ రింగు 50 దగ్గర పెట్టి టేపు అంటించి తీశా, ఇబ్బందనిపించలేదు, అప్పుడు కొన్నా.

పిట్టల పిచ్చి కూడా ఉండేది. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు చెట్ల మీద గుంపులుగా ఉంటాయి, వాటికోసం దూరానివి దగ్గరగా చూపించే 55-250 జూమ్ లెన్స్ కొనాలని ఒకటే తహతహ. కొనకుండా రెండ్రోజులు అద్దెకి తెచ్చా. పొద్దునపూట అద్భుతంగా వచ్చాయి, వాలబోయే కొంగ రెక్కల ఈకలు లెక్కపెట్టుకోవచ్చు. కానీ నేను అక్కడికి వెళ్ళేది ఏడాదికి రెండుసార్లు, ఆ లెక్కన అద్దే నయం. నెలకోసారైనా వెళ్ళేవాళ్ళయితే కొనుక్కోండి.

ఇక 50 లోపాలు. ఈ బాడీలో సెన్సర్ ఫుల్‌ఫ్రేమ్ కెమెరాల కంటే చిన్నది, దాని మీద అది 80 ఎంఎంలా పనిచేస్తుంది కాబట్టి గదిలో చాలా ఇరుకు, మూడు మీటర్ల దూరం నుంచి తీసినా ఫ్రేము వెడల్పు 1.3 మీటర్లే, మా పిన్ని వాళ్ళ గృహప్రవేశానికి ఇదొక్కటే పట్టుకెళ్ళి వీపు గోడకి ఆనించినా అందరూ పట్టలేదు. 1.8 లో మీటరు దూరం నుంచి మొహం తీస్తే షార్ప్‌గా ఉండేది సుమారు మూడు సెంటీమీటర్లు, కన్ను వస్తే చెవి రాదు, అందుకని ఇప్పుడు ఎక్కువగా 2.2, 2.8 వాడుతున్నా. స్టెబిలైజర్ లేదు. వీడియోలో ఫోకస్ మోటారు సన్నటి చప్పుడు వినిపిస్తుంది. ఫోకస్ అయ్యేటప్పుడు ముందు గొట్టం బయటికొస్తుంది, దానికి దెబ్బ తగలకూడదు, లెన్స్ ముందు తగిలించే హుడ్ పెట్టుకోండి. ఒక వానాకాలం బీరువాలో పడేస్తే కిట్ లెన్స్ లోపల ఫంగస్ పట్టింది, అప్పట్నించీ గాలి చొరబడని డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ వేసి రెండూ అందులోనే పెడుతున్నా.

ఇంకో మాట, నికాన్ డి3500, డి5600 వాళ్ళు 50 ఎంఎం 1.8డి అనే పాత లెన్స్ చవకగా దొరికిందని తీసుకోకండి, ఆ బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు, చేత్తో తిప్పుకోవాలి. లెన్స్‌లోనే మోటారు ఉండే, ఏఎఫ్-ఎస్ అని రాసున్నదే తీసుకోండి. మా ఫ్రెండ్ పాత లెన్స్ తెచ్చుకుని అలాగే ఇరుక్కున్నాడు.

ఇప్పుడు నాకు ఇంకా వెడల్పుగా చూపించే 24 ఎంఎం 2.8 మీద మనసు పోతోంది, వంటింట్లో అమ్మని తీద్దామంటే 50 సరిపోవట్లేదు. నిన్నే కిట్ లెన్స్ రింగు 24 దగ్గర పెట్టి మళ్ళీ టేపు వేశా.