నెల్లూరు ఫోమ్ ట్రైనర్ కిట్: తోక బాగుంది, సర్వోల చోటు బాగోలేదు

నెల్లూరులో ఒక హాబీ దుకాణంలో దొరికే 120 సెంటీమీటర్ల రెక్కల ట్రైనర్ కిట్ ఇది; అంటే డెప్రాన్ అనే తేలికపాటి ఫోమ్‌తో చేసుకునే, ఎగరేయడం నేర్చుకోవడానికి పనికొచ్చే రిమోట్ మోడల్ విమానం. కొత్తగా నేర్చుకునేవాళ్లు ధైర్యంగా కొనొచ్చు. కారణం తోకే.

రెక్క వైశాల్యం 2160 చదరపు సెంటీమీటర్లు, వెడల్పు 18. అడ్డతోక వైశాల్యం 400, రెక్కకు 55 సెంటీమీటర్ల వెనక ఉంది. 400ని 55తో గుణించి, 2160, 18ల లబ్ధంతో భాగిస్తే 0.57. విమానాన్ని నిలకడగా ఉంచడానికి తోక ఎంత సరిపోతుందో చెప్పే లెక్క ఇది. ట్రైనర్‌కు 0.5 చాలు. గాలి తోసి ముక్కు పైకి లేచినా ఇంత తోక దాన్ని మళ్లీ దించుతుంది; మైపాడు తీరంలో మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక ఆ గుణం చాలా అక్కరకొస్తుంది. పెద్ద తోక వల్ల ఈడ్పు కొంచెం పెరుగుతుంది, అంతే.

అసలు లోపం, సర్వోలు (తోక పలకలను కదిపే చిన్న మోటార్లు) తోక దగ్గర బిగించమని సూచనల కాగితం చెప్పడం. అలా చేయొద్దు. ముక్కు రెక్కకు 22 సెంటీమీటర్ల ముందే ఉంది కాబట్టి, తోకలో 10 గ్రాములు పెరిగితే బ్యాలెన్స్ కోసం ముక్కులో 25 గ్రాముల సీసం పెట్టాల్సొస్తుంది. సర్వోలు రెక్క కింద పెట్టి, పొడుగు పుష్‌రాడ్లు (సర్వో కదలికను తోకకు చేర్చే సన్నని కడ్డీలు) వెనక్కి లాగండి. కడ్డీ వంగకుండా మధ్యలో రెండుచోట్ల స్ట్రా ముక్కలు అంటించాలి, లేదంటే వేగం పెరిగినప్పుడు ఎలివేటర్ (అడ్డతోకలో పైకీ కిందికీ కదిలే పలక) వణుకుతుంది. ఫెవిక్విక్ మాత్రం వద్దు, డెప్రాన్ కరిగిపోతుంది.

విమానం బరువు తూగే చోటు, అంటే బ్యాలెన్స్, రెక్క ముందంచు నుంచి 5 సెంటీమీటర్ల దగ్గర కుదరాలి. అది 9 దగ్గరికి జరిగితే ఈ తోక కూడా విమానాన్ని నిలబెట్టలేదు.